నటరాజుకు వీపు పెట్టి

కాళ్ళు లాగేస్తున్నాయి, నిద్ర మాత్రం రావడం లేదు. అక్కా వాళ్ళంతా హాల్లో పడి నిద్రపోతున్నారు. కారు తిరుత్తణి దాటినప్పటి నుంచీ ఒకటే విషయం మనసులో తిరుగుతోంది. రాస్తే గానీ వదిలేలా లేదు.

మద్రాసు ప్లాను మొత్తం బావదే. ఫోన్లో పట్టీ రాసుకుని, పక్కన టైములు వేసుకుని, చీకటితోనే అందరినీ లేపేశాడు. కపాలీశ్వరుడి గుడి మధ్యాహ్నం మూసేస్తారు కాబట్టి ముందు మైలాపూరు. అది సబబే. పొన్న చెట్టు కింద, అమ్మవారు నెమలి రూపంలో శివుణ్ణి పూజిస్తున్న చిన్న గుడి దగ్గర కాసేపు నిలబడగలిగాను. ఆ తర్వాతే మొదలైంది పరుగు. శాంథోం చర్చి ముందు దిగడం, ఫొటో, ఎక్కడం. వివేకానందుడు 1897లో బస చేసిన ఐస్ హౌస్‌ను కారు అద్దంలోంచే చూపించేశాడు. మెరీనాకు చేరేసరికి మిట్టమధ్యాహ్నం. ఇసుక కాలిపోతోంది. చిన్నది నీళ్ళ దాకా పోతానని ఒకటే ఏడుపు. "టైం లేదమ్మా" అన్నాడు బావ. సముద్రం ఎదురుగా పెట్టుకుని బిడ్డకు టైం లేదని చెప్పడమేంటి? నాకు అక్కడే కడుపు మండింది.

ఎగ్మూరు మ్యూజియానికి చేరేటప్పటికి మూడు దాటింది. "అర్ధగంటే మరదలా, మళ్ళీ టీనగర్ పోవాల" అన్నాడు. 1851లో పెట్టిన మ్యూజియం అది. అమరావతి స్తూపం రాళ్ళు ఒక గది నిండా ఉన్నాయి. అర్ధగంటలో ఏం చూడను? నలగిరి ఏనుగు చెక్కిన గుండ్రటి పలక ముందు ఆగిపోయాను. ఒకే పలకలో ఏనుగు రెండుసార్లు కనిపిస్తుంది. ఒకపక్క మదమెక్కి మనుషుల్ని తొక్కుతోంది, ఇంకోపక్క బుద్ధుడి ముందు మోకరిల్లింది. పైన మేడల్లోంచి జనం తొంగి చూస్తున్నారు. భయపడిన ఆడమనిషి పక్కనున్న వాళ్ళను పట్టుకున్న తీరు చూస్తే, ఎవరో మన వీధిలో మనిషే అనిపించింది. వెనకనుంచి బావ గొంతు: "ఈ రాళ్ళు చూసేదానికా ఇంతదూరం వచ్చింది?"

కంచు విగ్రహాల భవనంలో అయితే మరీ. తిరువాలంగాడు నటరాజు ముందు తను వీపు పెట్టి నిలబడి, పిల్లల్ని దగ్గరికి లాక్కుని సెల్ఫీ తీసుకున్నాడు. తీసుకున్నాక ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూడలేదు.

నాయన నన్ను అక్కడికి తీసుకెళ్ళింది మద్రాసు పారిస్ కార్నర్ బజార్లో సరుకు కొనడానికి వెళ్ళినప్పుడు. అక్క పెళ్ళికి ముందు. పొద్దున పని ముగించుకుని, చేతిలో సంచుల్ని గేటు దగ్గర పెట్టించి, ముందు ఆ నటరాజు దగ్గరికే నడిచాడు. గుమ్మంలోనే చెప్పులు విప్పేశాడు. కాపలా మనిషి "ఇది గుడి కాదు, వేసుకోండి" అని అరవంలో చెప్పినా వేసుకోలేదు. "ఈయన మన జిల్లా సామి పాపా" అన్నాడు నాతో. నాయన చిన్నప్పుడు, తిరువాలంగాడు ఉన్న తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లాలోనే ఉండేది. 1960లో సరిహద్దులు మారినప్పుడు మద్రాసు రాష్ట్రానికి పోయింది. ఆ పోవడం నాయనకు చివరిదాకా బాధే. ఆ విగ్రహానికి చుట్టూ జ్వాలా తోరణం లేదు, ఎగిరే జడలూ లేవు. ఎప్పుడో పోయాయి. "అవి లేకపోయినా ఆట ఆగలేదు చూడు" అని, ఎత్తిన పాదం కిందికి వంగి మరీ చూపించాడు. నేను ఆకలి అన్నాను. ఇంకాసేపు అన్నాడు. ఆ ఇంకాసేపు చాలాసేపే అయింది. బయటికొచ్చాక ఇడ్లీ తినిపించాడు.

ఇప్పుడు మేమే చిత్తూరు జిల్లాలో లేము. 2022లో తిరుపతి వేరే జిల్లా అయింది. నాయన ఉంటే ఏమనేవాడో.

ఇంతవరకు రాసి మంచినీళ్ళు తాగొచ్చాను. బావను ఇంతగా అనాలా అనిపిస్తోంది. రోదాఁ అనే ఫ్రెంచి శిల్పి ఈ నటరాజు గురించి గొప్పగా రాశాడు. ఆయన చూసింది ఫొటోలు మాత్రమే. అంటే ఫొటోను తిట్టడానికి లేదు. హైదరాబాదు నుంచి రెండు రోజుల సెలవు పెట్టుకుని వచ్చిన మనిషి, పిల్లలకు అన్నీ చూపించాలని ఆరాటం. పెట్రోలుకు మమ్మల్ని రూపాయి తీయనివ్వలేదు. రాత్రి పుత్తూరు దగ్గర నిద్రపోతున్న చిన్నదాన్ని భుజాన వేసుకుని, టీ కొట్టు దాకా నడిచి పాలు తాగించింది తనే.

అయినా ఆ రాళ్ళ మాట దిగమింగలేకపోతున్నాను. టీనగర్లో, రంగనాథన్ వీధి జనంలో, గంటన్నర సేపు నైటీలు బేరం చేశారు. అక్కడ టైం ఎవరూ చూడలేదు. అక్క కూడా! నాయన దానికీ కథలన్నీ చెప్పాడు. నటరాజు ముందు నుంచి అది కూడా నడిచిపోయింది. నిజానికి బావ మీద కన్నా అక్క మీదే నాకు ఎక్కువ కోపమేమో. పొద్దున అడుగుతాను. కాఫీ తాగాక.

వాళ్ళు హైదరాబాదుకు బయలుదేరేటప్పుడు చిన్నదాన్ని మాత్రం ఇక్కడే ఉంచుకుని, దాన్ని తీసుకుని మళ్ళీ వెళ్తాను. ముందు మ్యూజియం, సాయంత్రం ఎండ తగ్గాక సముద్రం. టీనగర్ వద్దు. అమ్మ వస్తానంటే అమ్మను కూడా. శుక్రవారం కాకుండా చూసుకోవాలి, ఆ రోజు మ్యూజియానికి సెలవు.