నంబర్ వన్ పాట పందిట్లో ఎందుకు పండదు

నెల్లూరులో సంగీత్ అయినా, ఒంగోలులో కాలేజీ ఫెస్ట్ అయినా, "అన్నా, లండన్‌లో నంబర్ వన్ అంట, ఇది పెట్టన్నా" అని ఫోన్ చూపించే కుర్రాళ్లు తప్పకుండా ఉంటారు. పెట్టొచ్చు. కాకపోతే ఆ నంబరు దేన్ని లెక్కపెడితే వచ్చిందో డీజేకి తెలిసుండాలి.

1974 అక్టోబరులో అమెరికా పత్రిక బిల్‌బోర్డ్ మొదటి డిస్కో చార్టు వేసినప్పుడు, న్యూయార్క్ క్లబ్బుల్లో ఏ పాటకు జనం లేచి ఆడుతున్నారన్నదే లెక్క. తొలి నంబర్ వన్ గ్లోరియా గేనర్ పాడిన ‘నెవర్ కెన్ సే గుడ్‌బై’. 2013 జనవరిలో మొదలైన హాట్ డ్యాన్స్/ఎలక్ట్రానిక్ సాంగ్స్ చార్టు అలాంటిది కాదు. స్ట్రీమింగ్, అమ్మకాలు, రేడియో అన్నీ కలుపుతుంది. క్లబ్బుల చార్టు కోవిడ్‌తో 2020 మార్చిలో ఆగిపోయింది. మార్ష్‌మెలో, బాస్టిల్ చేసిన ‘హ్యాపియర్’ 69 వారాలు నంబర్ వన్‌గా ఉన్నది ఈ కొత్త లెక్కలోనే. దాని వేగం నిమిషానికి 100 బీట్లు. ఇయర్‌ఫోన్లో ఎంత బాగున్నా, 126లో ఉన్న డేవిడ్ గెట్టా ‘టైటానియం’ పక్కన పెడితే ఫ్లోర్ చల్లబడుతుంది.

బ్రిటన్ చార్టులో డబ్బు కట్టి వినే 100 స్ట్రీములు, ఉచితంగా వినేవైతే 600, ఒక అమ్మకంతో సమానం. కొన్ని వారాలు ఆడిన పాట వరసగా మూడు వారాలు తగ్గితే ఒక అమ్మకానికి కావాల్సిన స్ట్రీములు రెట్టింపవుతాయి, పాట ఒక్కసారిగా కిందికి జారుతుంది. జనం వదిలేశారని కాదు. అలా దిగిన పాటలే మన పందిళ్లలో బాగా ఆడతాయని నా నమ్మకం, ఎందుకంటే అప్పటికి అందరి నోటా ఉంటాయి.

పాట తీసుకునేటప్పుడు మూడు నిమిషాల రేడియో ఎడిట్ వద్దు. అది గొంతుతోనే మొదలవుతుంది, ముందు పాటతో కలపడానికి చోటుండదు. ఎక్స్‌టెండెడ్ మిక్స్‌లో ముందు ఉత్త బీటే నడుస్తుంది. 128 వేగంలో 64 బీట్లంటే సరిగ్గా 30 సెకన్లు, అంత చాలు. యూట్యూబ్ నుంచి దించిన ఫైలు పెద్ద బాక్సుల్లో పీలగా వినిపిస్తుంది. 320 కేబీపీఎస్ ఎంపీత్రీ గానీ, కుదించని వేవ్ ఫైలు గానీ పెన్‌డ్రైవ్‌లో ఉంచుకోండి. వేగం ఆరు శాతం పెంచితే శ్రుతి దాదాపు అర స్వరం పెరుగుతుంది, శ్రుతి మారకుండా పట్టి ఉంచే కీ లాక్ వేయాలి. 100ని 126కి లాగితే కీ లాక్ వేసినా గొంతు చెడుతుంది. అక్కడ కలపొద్దు, ఆపి కొత్తగా ఎత్తుకోవడమే.

ఆరుబయట ఇంకో చిక్కుంది. చాలాచోట్ల బాక్సులన్నీ మోనోలోనే, అంటే ఎడమ, కుడి ఛానళ్లు ఒకటిగా కలిపే నడుస్తాయి. ఈ పాటల్లో సింథ్‌ని (ఎలక్ట్రానిక్ కీబోర్డు ధ్వనిని) రెండు ఛానళ్లలోకీ బాగా వెడల్పు చేసి ఉంటారు, రెండు ఛానళ్లూ కలిస్తే ఒకదాన్నొకటి కొట్టేసుకుని అసలు ట్యూనే మాయమవుతుంది. ముందే మోనోలో విని చూసుకోవాలి. 40 హెర్ట్జ్ కింద ఉన్న బేస్‌ని మామూలు 15 అంగుళాల బాక్సు పలికించలేదు, యాంప్ బలమంతా దానికే పోతుంది. కింది శబ్దాల్ని ఆపేసే హై పాస్ ఫిల్టర్‌తో కోసేస్తే పైన మిగిలిన బేస్ గట్టిగా తగులుతుంది.

అన్నిటికంటే ఎక్కువ మంది దెబ్బతినేది తీన్‌మార్‌లోకి దిగేచోట. హౌస్ పాటలో, అంటే ‘టైటానియం’ లాంటి డ్యాన్స్ పాటలో, ఒక్కో బీటు రెండుగా, నాలుగుగా విరుగుతుంది, తీన్‌మార్‌లో మూడుగా. రెండింటి వేగం ఒకటే చేసినా హైహ్యాట్లు (డ్రమ్స్‌లో తాళాల చప్పుళ్లు) డప్పు దెబ్బల మధ్యలో పడి గిలగిల కొట్టుకుంటాయి. జనం కాళ్లు తడబడేది అందుకే, వేగం తప్పి కాదు. హౌస్ పాట చివర ఉత్త కిక్ (పెద్ద డ్రమ్ము దెబ్బ) ఉన్న నాలుగు బీట్లు లూప్ చేసి, అంటే అవే మళ్లీ మళ్లీ తిరిగేలా పెట్టి, పై శబ్దాల హై నాబ్ పూర్తిగా తగ్గించండి. ఉత్త కిక్‌కి డప్పుతో గొడవ లేదు, పెద్ద దెబ్బ మీదే పడుతుంది. డప్పు పాటకి బేస్ శబ్దాల ‘లో’ నాబ్ తగ్గించి లోపలికి తెచ్చి, 16 బీట్లు నడిచాక కిక్‌కి ‘లో’ నాబ్ తగ్గించేసి డప్పుకి ‘లో’ నాబ్ ఎత్తండి. రెండు బేస్‌లు ఒకేసారి ఉంటే బురదే.

రాత్రి 10కి స్పీకర్లు ఆపాలి కాబట్టి చార్టు పాటలు ఎనిమిదిన్నర, తొమ్మిదింబావు మధ్య అయిపోవాలి. చివరి ముప్పావుగంట పెద్దవాళ్లు కూడా లేచే తెలుగు పాటలకు ఉంచండి.