ఇంగ్లీషు ఇంటర్వ్యూ దాకానే

శ్రీకాకుళం జిల్లా సోంపేట, కంచిలి, టెక్కలి వైపు నుంచి గల్ఫ్‌కి బయల్దేరే కుర్రాడు అన్నిటికంటే ముందు ఇంగ్లీషుకి భయపడతాడు. ఆ భయంతోనే స్పోకెన్ ఇంగ్లీషు కోచింగుకి డబ్బు కట్టేస్తాడు. వెల్డరుకైనా, ఫిట్టరుకైనా, క్రేనుకి బరువు కట్టి లేపించే రిగ్గరుకైనా ఇంగ్లీషుతో పని ఇంటర్వ్యూలోనూ, డ్రాయింగు మీదా, సైటులో పనికిచ్చే పర్మిట్ కాగితం మీదానే. పొద్దున్న బస్సెక్కినప్పటి నుంచి రాత్రి క్యాంపులో నడుం వాల్చేదాకా నోట ఆడేది హిందీ. నేపాలీ, బంగ్లాదేశీ, పాకిస్తానీ, మలయాళీ, బీహారీ, తెలుగువాడు ఒకే గ్యాంగులో పడితే అందరికీ కలిసే భాష అదొక్కటే. అందుకని చేతిలో మూడు నెలలే ఉన్నవాడు ఆ మూడు నెలలూ హిందీ మీదే పెట్టాలి.

కరీంనగర్, నిజామాబాద్ వైపు వాళ్ళలో చాలామందికి ఉర్దూ చిన్నప్పటి నుంచి చెవిలో పడుతూనే ఉంటుంది. గల్ఫ్‌కెళ్ళాక వాళ్ళు తొందరగా చార్జ్‌హ్యాండ్, అంటే ఫోర్‌మన్ కింద గ్యాంగుని నడిపేవాడు, అవడానికి అదొక కారణం. శ్రీకాకుళం, విజయనగరం బడుల్లో హిందీ ఆరో తరగతి నుంచీ ఉంది గాని, పదో తరగతిలో వందకి 20 మార్కులొస్తే పాసు. అక్షరాలు వస్తాయి, మాట రాదు. అక్షరాలు వచ్చినవాడికి మాట పట్టుబడటం కష్టమేమీ కాదు, రోజూ గంటసేపు వినాలి, బయటికి పలకాలి.

హిందీలో ఆడమగా తేడా తప్పినా ఎవరూ పట్టించుకోరు. దెబ్బ తగిలేది అంకెల దగ్గర. ఇనుము కోసి అతికే ఫ్యాబ్రికేషన్ షాపులో ఫోర్‌మన్ డ్రాయింగు చూసి మిల్లీమీటర్లు చెబుతాడు, చేతిపని మొదలయ్యేసరికి అంగుళాల్లోకి దిగిపోతాడు. డేఢ్ అంటే ఒకటిన్నర, ఢాయీ అంటే రెండున్నర. ఆ పైన సాఢే తీన్ మూడున్నర, సవా తీన్ మూడుంపావు, పౌనే తీన్ రెండుంముప్పావు. గ్రైండర్ల మోతలో ముందున్న మాట మునిగిపోయి ‘తీన్’ ఒక్కటే వినిపిస్తుంది. పౌనే పోతే ముక్క పావు అంగుళం పొడుగొస్తుంది, మళ్ళీ కోసుకోవచ్చు. సవా పోతే ముక్క పొట్టిదవుతుంది, ఇక అది స్క్రాపే.

సూత్ అనేది ఇంకో కొలత. అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే 3 మిల్లీమీటర్ల పైచిలుకు. మన వడ్రంగులు నూలు అనేది అదే కాబట్టి వడ్రంగం ఎరిగిన ఇంటి కుర్రాడు వెంటనే అందుకుంటాడు. నాలుగు సూత్ అర అంగుళం, ఆరు సూత్ ముప్పావు. కొలత విన్నాక ‘హా’ అని కదిలిపోకూడదు. టేపు మీద గోరుపెట్టి చూపించాలి, సోప్‌స్టోన్‌తో (ఇనుము మీద గీసే సుద్దతో) ప్లేటు మీద మిల్లీమీటర్లలో రాయాలి, ‘యహీ?’ అని అడిగి తల ఊపించుకోవాలి. పావు నిమిషం పని.

వంద లోపు అంకెల్లో తొమ్మిదితో ముగిసేవి విడిగా కూర్చుని కంఠతా పట్టాలి. ఉన్‌సఠ్ 59, ఉన్‌హత్తర్ 69, ఉన్యాసీ 79. తర్వాతి పదికి ఒకటి తక్కువని లెక్క. ‘సఠ్’ మాత్రం చెవినపడ్డవాడు 60లలోకి వెళ్ళిపోతాడు. 89 దగ్గర ఆ లెక్క కూడా నడవదు, అది నవాసీ. ‘కల్’ అంటే నిన్నా కావచ్చు, రేపూ కావచ్చు. సెలవు, జీతం, టికెట్ మాటల్లో కల్ వినబడితే తారీఖు అడిగి తీరాలి.

అర్థం కాని మాటకి తల ఊపడం మనవాళ్ళకి ఉన్న పెద్ద ఇబ్బంది. పెద్దవాడు చెబుతుంటే ఎదురడగకూడదన్న పెంపకం అది. సైటులో అదే ప్రాణం మీదికి తెస్తుంది. పైగా మనం సరే అంటూ అటూ ఇటూ ఊపే తల అరబ్బుకీ, ఫిలిప్పీన్ వాడికీ కాదన్నట్టు కనబడుతుంది. ‘సమఝ్ మే నహీ ఆయా, ఫిర్ సే బోలియే’ అన్న వాక్యం మొదటి రోజునే నోటికి రావాలి. పొద్దున్న పనికి ముందు జాగ్రత్తలు చెప్పే టూల్‌బాక్స్ టాక్ అయ్యాక పెట్టే సంతకం హాజరు కోసం మాత్రమే కాదు, చెప్పిన జాగ్రత్తలు అర్థమయ్యాయని ఒప్పుకోవడం. ప్రమాదం జరిగితే ముందు బయటికి తీసేది ఆ కాగితాన్నే. అర్థం కానిరోజు పక్కనున్న తెలుగువాడినో మలయాళీనో అడిగి, ఆ తర్వాతే సంతకం పెట్టాలి.

క్రేను దగ్గర నోటిమాటని అసలు నమ్మకూడదు. రేవుల్లో పనిచేసి వెళ్ళినవాళ్ళకి ‘హాబీస్’ అంటే లేపడం, ‘ఆరియా’ అంటే దించడం. ఫిలిప్పీన్ ఆపరేటరుకి ఆ మాటలు తెలియవు. అక్కడ చేతి సైగలే భాష: చూపుడువేలు పైకి పెట్టి గుండ్రంగా తిప్పితే లేపు, కిందికి పెట్టి తిప్పితే దించు. సైగలిచ్చేవాడు ఒక్కడే ఉండాలి, ఆపమనే సైగ మాత్రం ఎవరైనా ఇవ్వొచ్చు. వాకీటాకీలో అయితే కదలిక సాగినంతసేపూ మాట వినబడుతూనే ఉండాలి. గొంతు ఆగితే ఆపరేటరు ఆపేయాలి. ఈ నియమం తెలియని కొత్త రిగ్గరు ఒకసారి ‘డౌన్’ అని ఊరుకుంటాడు, లోడు గాల్లోనే ఉండిపోతుంది.

ఇచ్ఛాపురం, మందస వైపు ఒడియా వచ్చినవాళ్ళకి ఒక వెసులుబాటుంది. బంగ్లా దానికి దగ్గర చుట్టం కాబట్టి బంగ్లాదేశీ హెల్పర్లతో వాళ్ళకి నెలల్లోనే మాట కలుస్తుంది. మన తీరం నుంచి ఓడెక్కి రంగం (రంగూన్) వెళ్ళిన పాతతరాలు కూడా పనిలో దిగాకే బర్మా మాట నేర్చుకున్నాయి. నేర్చుకునే శక్తి మనవాళ్ళకి లేదంటే నేనొప్పుకోను.

అరబ్బీ విషయానికొస్తే, సైటుకీ బజారుకీ వంద మాటలు చాలు. ‘ఫీ’ ఉంది, ‘మాఫీ’ లేదు, ‘కమ్’ ఎంత, ‘వేన్’ ఎక్కడ, ‘బుక్రా’ రేపు, ‘ముష్కిలా’ ఇబ్బంది, ‘ఖలాస్’ అయిపోయింది, ‘రాతిబ్’ జీతం, ‘ఇజాజా’ సెలవు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. ఫోర్‌మన్ల దగ్గర విని నేర్చుకునే ‘తాల్’, ‘రూహ్’, ‘జీబ్’ అన్నీ రా, పో, తే అనే ఆజ్ఞలు. పోలీసు దగ్గరో, బ్యాంకు కౌంటరులోనో, పెద్దాయన ముందో వాటిని ఉత్తగా వాడితే మొహం మారిపోతుంది. ముందు ‘లౌ సమహ్త్’ అంటే దయచేసి అన్నట్టు, ఆడవాళ్ళతో అయితే ‘లౌ సమహ్తీ’. అరబ్బీలో ప అక్షరం లేదు, బ పలుకుతుంది. ‘బైబ్’ అని అడిగితే పైపే.

అరబ్బీ అక్షరాలు రాకపోయినా అంకెలు చదవడం తప్పనిసరి, ఒక సాయంత్రం పని. చుక్క పెడితే సున్న. మన సున్నలా గుండ్రంగా ఉన్నది అయిదు. నిలువు గీత ఒకటి. ఇంగ్లీషు ఏడులా కనిపించేది ఆరు. నోరు పైకి తెరిచిన కోణం ఏడు, బోర్లించిన కోణం ఎనిమిది. అక్షరాలు కుడి నుంచి ఎడమకి సాగినా అంకె మాత్రం మనలాగే ఎడమ నుంచే చదవాలి. కువైట్, ఒమన్, బహ్రెయిన్‌లలో డబ్బు లెక్కకి చుక్క తర్వాత మూడు అంకెలుంటాయి, ఎందుకంటే దీనారుకైనా రియాలుకైనా అక్కడ చిల్లర వెయ్యి. 120.500 అంటే నూట ఇరవైన్నర దీనార్లు, లక్షా ఇరవై వేల అయిదు వందలు కాదు. ఏజెంటు చూపించే ఆఫర్ లెటరులో ఈ చుక్క చూడాలి.

ఆసుపత్రిలో చాలాసార్లు ఎదురయ్యేది మలయాళీ నర్సు. ‘పని ఉండో?’ అంటే జ్వరముందా అని, పనుందా అని కాదు. వేదన అంటే నొప్పి, అది మనకీ తెలిసినట్టే. అరబ్బీ డాక్టరైతే ‘అలం’ నొప్పి, ‘బత్న్’ కడుపు, ‘సద్ర్’ ఛాతీ, ‘సుక్కర్’ షుగర్. కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ఉద్దానం నుంచి వెళ్ళినవాడు ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఒంటినొప్పులకి ఇచ్చే ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటివి మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవాళ్ళకి చెరుపు చేస్తాయి, ఎండలో నీళ్ళు తగ్గి ఉంటే మరీను. ఇంట్లో కిడ్నీ జబ్బుంటే, ఇంజెక్షను ముందే ‘కిడ్నీ ముష్కిలా’ అని చెప్పి, చివరి క్రియాటినిన్ (కిడ్నీ రక్తపరీక్ష) రిపోర్టు ఫోనులో చూపించాలి. రిపోర్టులోని ఇంగ్లీషు ఏ దేశం డాక్టరైనా చదువుతాడు.

సంతకం పెట్టే ఒప్పందం కాగితాల దగ్గర మాత్రం హిందీ, ఇంగ్లీషు రెండూ పనికిరావు. ఖతర్, కువైట్ చట్టాల ప్రకారం ఒప్పందం అరబ్బీలో ఉండాలి. పక్కన ఇంకో భాషలో అనువాదమున్నా, తేడా వస్తే చెల్లేది అరబ్బీ పాఠమే. అందుకని నాలుగు మాటలు చెవితో గుర్తుపట్టాలి. ‘ఇస్తిఖాలా’ అంటే రాజీనామా. ‘ముఖాలసా’ అంటే రావలసినదంతా ముట్టిందని ఒప్పుకునే చివరి లెక్క. ‘తనాజుల్’ అంటే హక్కు వదులుకోవడం లేదా ఇంకొకరికి బదలాయించడం. సౌదీలో ‘హురూబ్’ అంటే పని వదిలి పారిపోయాడని యజమాని పెట్టే ఫిర్యాదు. సెలవు మీద ఇంటికి బయల్దేరే హడావిడిలో విమానం టికెట్‌తో పాటు ఒక కాగితం చేతికిచ్చి సంతకం అడిగితే, అది సెలవు కాగితమో ముఖాలసాయో అక్కడే తేల్చుకోవాలి. ‘ఇజాజా? ఖలాస్?’ అని నోటితో అడగాలి, ఫొటో తీసుకోవాలి, ఫోనులో అనువాదం ఒకసారి హిందీలోనూ ఒకసారి తెలుగులోనూ తీసి రెండిటినీ పోల్చాలి. చేతిరాతనీ, స్టాంపు కింద అక్షరాలనీ ఫోను సరిగా చదవలేదు, వాటికి అరబ్బీ చదివిన మనిషే కావాలి. క్యాంపు దగ్గర టైపింగ్ సెంటర్లలో మలయాళీలుంటారు, కొద్ది డబ్బుకే చదివి చెబుతారు. మొదటి ఒప్పందం ఫొటోని ఇంట్లోవాళ్ళ ఫోనులో కూడా ఉంచాలి, ఫోను పోయినా, మార్చినా కాగితం దొరకాలి కదా.