నోమ్ పెన్‌లో చెల్లని నోట్లు

కంబోడియా వెళ్ళేవాళ్ళు డాలర్లు కొత్తవే తీసుకెళ్ళండి. అంచున గోరంత చిరుగు ఉందని నా ఇరవై డాలర్ల నోటును రాజధాని నోమ్ పెన్‌లో నది ఒడ్డున హోటల్లో తీసుకోలేదు, పక్క కొట్టులో తీసుకోలేదు, మారకం చేసేవాడైతే లైటు కింద పెట్టి చూసి వెనక్కి తోసేశాడు. పైగా అక్కడ సెంట్లు నడవవు, డాలరులోపు చిల్లరంతా వాళ్ళ సొంత డబ్బు రియెల్‌లోనే ఇస్తారు, డాలరుకి సుమారు నాలుగు వేల రియెల్. రెండు రకాల డబ్బుతో ప్రతి కొట్టు దగ్గరా లెక్కలేసుకోవడం నాకు మహా చిరాకనిపించింది. సియెం రీప్‌లో గుళ్ళు చూసి వచ్చిన ఉత్సాహమంతా ఆ ఒక్క పూటలో దిగిపోయింది.

ఆ చిరాకులోనే ఒక టుక్‌టుక్ ఎక్కి, వచ్చీరాని ఇంగ్లీషులో దాన్ని నడిపే పెద్దాయనతో నోటు సంగతి చెప్పుకున్నాను. బండి నడుపుతూనే ఆయన తన చిన్నప్పటి మాట చెప్పాడు. 1975లో ఊరు వదిలి నడిచేటప్పుడు వాళ్ళమ్మ ఇంట్లో ఉన్న నోట్లన్నీ క్రమా అంటే ఆ గళ్ళ తువ్వాలు ఉంటుంది కదా, దాంట్లో మూట కట్టుకుందట. అన్నీ మంచి నోట్లే. దారిలో ఆ మూటంతా ఇస్తానన్నా శేరు బియ్యం పెట్టినవాడు లేడు. ఆమె చీరలాంటి పట్టు గుడ్డ ఒకటి ఇచ్చాక పెట్టారట. నేను ఇక నా నోటు గురించి మాట్లాడలేదు.

ఆ ఏడాది ఏప్రిల్ 17న ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు తిరుగుబాటుదార్ల సైన్యం నోమ్ పెన్‌లోకి వచ్చింది. అమెరికా బాంబులు వేస్తుంది, రెండు మూడు రోజులు బయటికి వెళ్ళి రండి అని చెప్పి, యుద్ధానికి భయపడి వచ్చి చేరినవాళ్ళతో కలిపి సుమారు ఇరవై లక్షల మందిని, ఆసుపత్రి మంచాల మీద ఉన్నవాళ్ళతో సహా, పల్లెలకి తోలేశారు. డబ్బు రద్దు చేశారు, సంతలు మూయించారు, నేషనల్ బ్యాంకు భవనాన్ని పేల్చేశారు. అసలు ఈ ఊరు పుట్టిందే బేరం మీద. మెకాంగ్, టోన్లే సాప్, బసాక్ కలిసే చోటు కాబట్టి పడవలన్నీ ఇక్కడ ఆగాలి. పాత రాజధాని అంగ్కోర్ సయాం, అంటే ఇప్పటి థాయ్‌లాండ్, చేతిలో దెబ్బతిన్నాక 1430ల్లో పొన్హియా యాట్ రాజు ఇక్కడికి వచ్చాడు. తర్వాత రాజధాని వేరే ఊళ్ళకి మారి, ఫ్రెంచివాళ్ళ కాలంలో 1866లో నరోదమ్ రాజు ఊడాంగ్ నుంచి మళ్ళీ ఇక్కడికే తెచ్చాడు. అలాంటి ఊళ్ళో కొనడం అమ్మడం ఆపేస్తే ఇంకేం మిగులుతుంది? నా దృష్టిలో వాళ్ళు ఊరిని చంపింది ఆ పనితోనే.

పెద్దాయన నన్ను వాట్ నోమ్ గుట్ట దగ్గర్లో ఉన్న డబ్బుల మ్యూజియం ముందు దింపాడు. సోసోరో అంటారు, 2019లో తెరిచారు. ఖ్మేర్ రూజ్ వాళ్ళు కూడా నోట్లు అచ్చు వేయించారని, వాటిని వాడకంలోకి రానివ్వలేదని అప్పుడే తెలిసింది. 1979 జనవరిలో వియత్నాం సైన్యం వాళ్ళని తరిమాక కూడా దేశంలో డబ్బనేదే లేదు. బియ్యం, బంగారంతోనే బేరాలు. 1980 మార్చిలో రియెల్ మళ్ళీ తెచ్చినప్పుడు, మార్చుకోవడానికి ఎవరి దగ్గరా పాత డబ్బు లేదు కాబట్టి జనానికి ఊరికే పంచారు! 1992-93లో ఐక్యరాజ్యసమితి బలగాలు వచ్చి డాలర్లు కుమ్మరించాక ఆ డాలరు అలాగే ఉండిపోయింది. నన్ను విసిగించిన ఆ రెండు డబ్బుల లెక్క వెనక ఇంత కథ ఉంది.

2016 నవంబరులో అమ్మ పోపుల డబ్బాలోంచి ఐదొందల నోట్లు తీసి పొద్దున్నే బ్యాంకు ముందు నిలబడడం గుర్తొచ్చింది. ఇల్లంతా టెన్షన్. అయినా మనకి నిలబడడానికి ఒక బ్యాంకుంది, నోటు తీసుకుని వేరే నోటిచ్చే మనిషి ఉన్నాడు. ఆ పెద్దాయన తల్లికి అది కూడా లేదు.

మన టూర్ ప్యాకేజీలవాళ్ళు నోమ్ పెన్‌కి ఒక్క పూటే ఇస్తారు, ఆ పూటలో రాజభవనం, టుయోల్ స్లెంగ్ చూపించి ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్తారు. టుయోల్ స్లెంగ్ తప్పక చూడాల్సిందే. హైస్కూలును జైలుగా మార్చి 14,000 మందికి పైగా మనుషుల్ని బంధించి హింసించిన చోటు అది, బతికి బయటపడ్డవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. కానీ చావు ఒక్కటే చూసి వచ్చేయకండి. ఇంకో రోజు ఉండమని అడగండి, మ్యూజియం చూడండి, పొద్దున్నే 1937లో కట్టిన పసుపు గోపురం ఫ్సార్ థ్మెయ్ బజారుకి వెళ్ళి చేపల పులుసు పోసిన బియ్యపు నూడుల్స్ తినండి. రేటు మాత్రం ముందే అడగండి, టూరిస్టులకి ఎక్కువ చెప్తారు.