ఇన్ఫీరియర్ అంటే ఇంకాస్త కిందిది

సీనియర్ టూ, జూనియర్ టూ, సుపీరియర్ టూ, ఇన్ఫీరియర్ టూ. మన హైస్కూల్లో డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్ చదివిన ఏ బ్యాచ్ వాళ్లనైనా నిద్రలేపి అడగండి, గుక్క తిప్పుకోకుండా అప్పజెబుతారు. 'టూ' బదులు 'దాన్' రాస్తే మార్కు పోతుందని అందరికీ భయం. మన ఇంగ్లీషు మాస్టారు ఆ భయంతో సరిపెట్టకుండా, 'దాన్' ఎందుకు రాదో కూడా చెప్పేవారు. ఇవి లాటిన్ మాటలు, 'కంటే' అన్న అర్థం వాటి చివరనున్న 'ఇయర్'లోనే ఉంది, అందుకే 'మోర్ ఇన్ఫీరియర్' అనకూడదు అనేవారు.

లాటిన్‌లో 'ఇన్‌ఫెరుస్' అంటే కిందిది. ఇన్ఫీరియర్ అంటే దానికన్నా ఇంకాస్త కిందిది. 15వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడు కూడా అది చోటు చెప్పే మాటే. హోదాలో తక్కువ, నాణ్యతలో నాసి అన్న అర్థాలు ఆ తర్వాత బలపడ్డాయి. నరకాన్ని చెప్పే 'ఇన్‌ఫెర్నో'ది కూడా ఇదే వంశం. పాతాళం కిందే కదా ఉండేది!

ఒకరోజు మాస్టారు బోర్డు మీద 'ఇన్ఫీరియర్' అని రాసి, పక్కన 'అండర్' అని, దాని పక్కన 'అధర' అని రాశారు. మూడూ ఒక తల్లి పిల్లలే అన్నారు. సంస్కృతంలో అధరమంటే కిందిది, కింది పెదవికి ఆ పేరు అందుకే వచ్చింది. మనం తిట్టుగా వాడే 'అధముడు'లోని అధమ కూడా ఆ కుదురుదే. సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి పుట్టి ఉండాలని విలియం జోన్స్ అనే ఇంగ్లీషు జడ్జి 1786లో కలకత్తాలో చెప్పాడని నేను మొదట విన్నది ఆ క్లాసులోనే. మరి తెలుగు సంగతి? కింద, దిగువ అన్నవి మన సొంత మాటలు, వాటి కుటుంబం వేరు. దక్షిణాది భాషలది వేరే కుటుంబమని 1816లో మద్రాసు కలెక్టరు ఎల్లిస్ దొర చూపించాడని మన తెలుగు మాస్టారు ఎంతో గర్వంగా చెప్పేవారు.

ఇన్ఫీరియర్ అన్న మాటకు అసలు అర్థం కళ్లకు కట్టింది మాత్రం సైన్సు క్లాసులో. టీచరుగారు ఒక జామకాయ, ఒక వంకాయ తెచ్చారు. వంకాయకు తొడిమ దగ్గరే రక్షకపత్రాల ముచ్చిక ఉంటుంది. జామకాయకు తొడిమ ఒక వైపు, ఎండిన రక్షకపత్రాల కిరీటం రెండో వైపు. అంటే జామలో అండాశయం పువ్వు కింద ఉండి కాయైంది. దాన్ని ఇన్ఫీరియర్ ఓవరీ అంటారు. గుమ్మడి పిందె చివర పువ్వు నిలబడి ఉండేది కూడా అందుకే. ఇన్ఫీరియర్ అన్నంత మాత్రాన జామ రుచి ఏం తగ్గింది? బుధుడు, శుక్రుడు ఇన్ఫీరియర్ ప్లానెట్లు. భూమి మధ్యలో ఉందనుకున్న రోజుల్లో వాటిని సూర్యుడి కింద తిరిగేవిగా లెక్కేశారు, ఆ పేరు నిలిచిపోయింది. మన గుండెకు కింది భాగం నుంచి రక్తం తెచ్చేది ఇన్ఫీరియర్ వీనా కావా, అధో బృహత్సిర. అది లేకుండా బతుకేది?

పదో తరగతి తర్వాత టౌన్లో ఇంటర్‌లో చేరాను. అన్నీ ఇంగ్లీషులోనే. నోరు విప్పాలంటే టెన్షన్. తెలుగు మీడియం వాళ్లమంతా వెనక బెంచీల్లో గుంపుగా కూర్చునేవాళ్లం. "వాళ్లకి ఇన్ఫీరియారిటీ కాంప్లెక్స్ రా" అని ముందు బెంచీల్లో నవ్వేవాళ్లు. ఆ మాట ఎక్కడిదో తెలుసుకోవాలనిపించి లైబ్రరీలో వెతికితే ఆల్‌ఫ్రెడ్ ఆడ్లర్ దొరికాడు. వియన్నా డాక్టరు, చిన్నప్పుడు ఎముకలు మెత్తబడే రికెట్స్ జబ్బుతో నడవలేకపోయినవాడు. పెద్దవాళ్ల మధ్య చిన్నగా ఉండే ప్రతి పిల్లాడికీ తక్కువతనం అనిపిస్తుందని, ఎదగాలన్న పట్టుదల పుట్టేది దాన్నుంచేనని ఆయన వాదన. అది మనిషిని కుంగదీసేంత ముదిరితేనే కాంప్లెక్స్. అది చదివాక నాకు ఎంత ఊరటగా అనిపించిందో! తర్వాత బోటనీ క్లాసులో ఇన్ఫీరియర్ ఓవరీకి ఉదాహరణ అడిగితే, లేచి జామకాయ గురించి చెప్పింది వెనక బెంచీ నుంచి నేనే. వచ్చీరాని ఇంగ్లీషులోనే చెప్పాను.

మన స్కూలు లైబ్రరీకి ఈసారి మన బ్యాచ్ తరఫున పదాల పుట్టుక చెప్పే ఇంగ్లీషు నిఘంటువొకటి, తెలుగు నిఘంటువు శబ్దరత్నాకరం ఒకటి ఇద్దామనుకుంటున్నాం. బీరువాలో పెట్టి తాళం వేయకుండా, పిల్లల చేతికి అందేలా కింది అరలో ఉంచాలని హెడ్మాస్టరుగారిని అడగబోతున్నాం.