ఫాలికల్ ద్రవం ముద్ర పిండం మీద ఎలా పడుతుంది?

అండాశయంలో అండం పెరిగే చిన్న ద్రవపు సంచే ఫాలికల్. ఆ ద్రవంలో పెరిగేది పిండం కాదు, అండం. అండం విడుదలయ్యాక, లేదా ఐవీఎఫ్‌లో (ఒంటి బయట ఫలదీకరణ చేసే పద్ధతి) సూదితో బయటికి తీసి కడిగాక, ఆ ద్రవంతో దానికి బంధం దాదాపు తెగినట్టే. అయినా తర్వాతి రోజుల్లో పిండం మీద దాని ముద్ర కనిపిస్తుంది. ఎందుకంటే మనిషి పిండంలో సొంత జన్యువులు ముమ్మరంగా పనిలోకి దిగేది సుమారు మూడో రోజున, నాలుగు నుంచి ఎనిమిది కణాల దశలో. అప్పటిదాకా అండం దాచుకున్న ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు, శక్తినిచ్చే మైటోకాండ్రియాలతోనే బండి లాగాలి. మైటోకాండ్రియాలైతే బ్లాస్టోసిస్ట్ దశ (ఐదారు రోజుల పిండం) దాకా పెద్దగా పెరగవు, ఉన్నవాటినే కణాలు పంచుకుంటాయి. ఫాలికల్‌లో అవి దెబ్బతింటే ఆ లోటు తర్వాత పూడ్చడం కష్టం.

ఈ ద్రవంలో ఎక్కువ భాగం రక్తప్లాస్మా నుంచి వడపోసుకుని వచ్చిందే. దానికి ఫాలికల్ గోడలోని గ్రాన్యులోసా, థీకా కణాలు హార్మోన్లు కలుపుతాయి. కొవ్వును మోసే రేణువుల్లో (లిపోప్రొటీన్లు) పెద్దవి ఫాలికల్ గోడ దాటలేవు, అందుకే ఇక్కడ వాటిలో చిన్నదైన హెచ్‌డీఎల్‌దే పైచేయి. గ్లూకోజ్, ఫ్యాటీ ఆసిడ్లు మాత్రం లోపలికి వచ్చేస్తాయి. ఈనిన కొత్తలో పాడి ఆవు ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో ఫ్యాటీ ఆసిడ్లు పెరుగుతాయి, ఫాలికల్ ద్రవంలోనూ పెరుగుతాయి. పామిటిక్, స్టియరిక్ అనే ఫ్యాటీ ఆసిడ్లు ఆ మోతాదులో ఉంచి ల్యాబ్‌లో అండాలను పక్వం చేస్తే, బ్లాస్టోసిస్ట్ దాకా చేరేవి తగ్గుతాయి. ఇక గ్లూకోజ్‌ను అండం తానుగా పెద్దగా వాడుకోలేదు. చుట్టూ ఉన్న క్యుములస్ కణాలు దాన్ని పైరువేట్ అనే ఇంధనంగా మార్చి అందించాలి. ఆ కణాలు నీరసిస్తే అండానికి పస్తే.

ద్రవం బయటికి వచ్చాక కథ తిరగబడుతుంది, అదే అండానికి ముప్పు కావచ్చు. అండాన్ని చివరిగా పక్వం చేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ తర్వాత 34–36 గంటలకు అండాలు తీస్తారు. గాలి తగిలితే ఆ ద్రవంలోంచి కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. చల్లబడితే అండంలో క్రోమోజోములను పంచే స్పిండిల్ అనే నిర్మాణం నిమిషాల్లోనే చెదిరి, క్రోమోజోములు తప్పుగా పంచుకునే ప్రమాదం వస్తుంది. రక్తం కలిస్తే గడ్డల్లో క్యుములస్ చిక్కుకుంటుంది, హిమోగ్లోబిన్‌లోని ఇనుము ఆక్సీకరణ ఒత్తిడి పెంచుతుంది. కాబట్టి ట్యూబులు ముందే 37 డిగ్రీల దగ్గర ఉంచి, అండం కనబడగానే పీహెచ్‌ను నిలబెట్టే హెపిస్ లేదా మాప్స్ బఫర్ ఉన్న పోషక ద్రావణంలో (మీడియా) కడిగి కల్చర్‌లోకి మార్చాలి. ఎండోమెట్రియోమా (అండాశయంలో పాత రక్తం నిండిన తిత్తి) పొరపాటున గుచ్చుకుంటే సూది, ట్యూబు రెండూ మార్చడం మంచిది.

ద్రవాన్ని పరీక్షకు పంపాలనుకుంటే ఫాలికల్‌లోకి ద్రావణం ఎక్కించి కడగక (ఫ్లష్) ముందే, ఒక్కో ఫాలికల్‌ది విడిగా పట్టాలి. సెంట్రిఫ్యూజ్ చేసి కణాలు తీసేసి, మైనస్ 80 డిగ్రీల్లో దాచాలి. ఎర్రగా ఉన్న శాంపిల్‌లో హార్మోన్ కొలతలు నమ్మొద్దు, అందులో సగం కథ రక్తానిదే అయ్యుండొచ్చు.