రోజుకు 512 రూపాయలు

2017 జూన్‌లో ఒక రాత్రి, పాప నిద్రపోయాక, నేనూ మావారూ వంటింట్లో కూర్చుని మా అప్పులన్నీ ఒక నోటుపుస్తకంలో రాశాం. పెళ్లయిన పద్నాలుగేళ్లలో అలా రాయడం అదే మొదటిసారి. మావారు తెనాలిలో ఒక ఎరువుల కొట్టులో గుమాస్తా. పొద్దున్నుంచి రాత్రిదాకా ఇతరుల పద్దులు రాసే మనిషి. ఇంటి పద్దు తెరవాలంటే మాత్రం ఆయనకు భయం. నాకూ అంతే భయం.

ఎందుకంత భయమో ఆ రాత్రే తెలిసింది. క్రెడిట్ కార్డు మీద 62,000 బాకీ ఉన్నట్టు ఆయన నాకు చెప్పలేదు. మా వీధి చివర, నాకు పిన్ని వరసయ్యే ఆవిడ దగ్గర రెండు రూపాయల వడ్డీకి 80,000 తెచ్చినట్టు నేను ఆయనకు చెప్పలేదు. నెలాఖరులో ఇల్లు గడవక నాలుగు విడతలుగా తెచ్చిన డబ్బు అది. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగారు.

"లేవు. మీకు?"

"లేవు."

"అయితే రాయండి" అన్నాను.

ఆడపడుచు పెళ్లికి ఆయన స్నేహితుడి దగ్గర తెచ్చిన 2,00,000, రెండు రూపాయల వడ్డీ. అత్తగారి ఆపరేషన్‌కు తెచ్చినది 1,50,000, మూడు రూపాయలు. పిన్నిగారి 80,000. పన్నెండు కాసుల నా బంగారం మీద ఒక ఫైనాన్స్ కంపెనీలో 1,80,000, రూపాయిన్నర. కార్డు 62,000, నెలకు మూడున్నర శాతం. డ్వాక్రా సంఘంలో నా వంతు 40,000. పాడుకుని డబ్బు వాడేసిన చీటీకి ఇంకా పద్నాలుగు నెలలు, నెలకు 5,000 చొప్పున 70,000. మొత్తం 7,82,000.

ఆయన జీతం 24,000. నా కుట్టుపని మీద నెలకు సుమారు 6,000. అత్తగారి ఇల్లే కాబట్టి అద్దె లేదు. మొత్తం చూసినప్పుడు నాకు ఏడుపు రాలేదు. పక్కన వడ్డీల వరస కూడినప్పుడు వచ్చింది. నెలకు 15,370. ముప్పైతో భాగిస్తే 512. నేను పొయ్యి వెలిగించకముందే ప్రతిరోజూ మా ఇంట్లోంచి 512 రూపాయలు వెళ్లిపోతున్నాయి. అదే రోజు సాయంత్రం నేను బెండకాయల దగ్గర అయిదు రూపాయలకు బేరమాడి వచ్చాను.

ఇప్పటికీ ఎవరైనా "ఏ ఖర్చులు తగ్గించుకున్నారు?" అని అడుగుతారు. మేమేమీ విలాసంగా బతకలేదు, తగ్గించుకోవడానికి పెద్దగా లేదు. మమ్మల్ని ముంచింది వడ్డీ. "రెండు రూపాయల వడ్డీ" అంటే చెవికి ఎంతో చిన్నగా వినిపిస్తుంది. ఏడాదికి లెక్కేస్తే నూటికి 24. మూడు రూపాయలంటే 36. ఆ రాత్రి ప్రతి అప్పు పక్కనా ఏడాది లెక్క వేశాం. ఏది ముందు తీర్చాలో మాకు మరెవరూ చెప్పనవసరం లేకపోయింది.

అత్తగారి ఆపరేషన్‌కు మూడు రూపాయల వడ్డీకి రాసిచ్చిన ప్రామిసరీ నోటు గురించి కొంచెం చెప్పాలి. అది నిజానికి లక్షే. 2014లో తెచ్చాం. మధ్యలో పదిహేడు నెలల వడ్డీ కట్టలేకపోయాం. ప్రామిసరీ నోటుకు కాలపరిమితి మూడేళ్లు కదా, అది దాటకముందే అప్పిచ్చినాయన మావారిని పిలిచి, బకాయి వడ్డీ కింద 50,000 అసలులో కలిపి నోటు తిరగరాయించుకున్నారు. ఆ రోజు నుంచి వడ్డీకి కూడా మూడు రూపాయల వడ్డీ నడిచింది. ఆయన మోసం చేశారని నేను అనను. నోటు తిరగరాస్తున్నప్పుడు ఏం జరుగుతోందో మేము లెక్క వేసుకోలేదు, అంతే.

బంగారం అమ్మేద్దామని అన్నది నేనే. మావారు ఒప్పుకోలేదు. "ఎప్పటికైనా విడిపిస్తాను" అన్నారు. మూడేళ్లుగా అదే మాట. నెలకు 2,700 వడ్డీ కడుతూ, చూడటానికి కూడా వీల్లేని బంగారాన్ని నాది అనుకోవడంలో అర్థం లేదనిపించింది. అందులో ఆరు కాసుల హారం అమ్మ తన నగలు కరిగించి చేయించింది. అమ్మకు ఫోను చేసి చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. "నీకు కష్టంలో పనికొస్తుందనే కదే పెట్టాను" అంది.

మా తమ్ముడు ఒక్కరోజుకని 1,80,000 సర్దాడు. పొద్దున బంగారం విడిపించాం, మధ్యాహ్నం అమ్మేశాం, సాయంత్రానికి వాడి డబ్బు వాడికి పంపేశాం. తరుగు పోను గ్రాముకు 2,625 చొప్పున 96 గ్రాములకు 2,52,000 ఖాతాలో వేశారు. మిగిలిన 72,000లో కార్డు బాకీ మొత్తం కట్టి కార్డు రద్దు చేయించాం. పదివేలు మూడు రూపాయల నోటుకు చెల్లు వేయించాం. ఒక్కరోజులో నెలకు దాదాపు 5,000 వడ్డీ తగ్గింది. ఆ శ్రావణంలో పేరంటాలకు మెడలో పసుపుతాడుతో వెళ్లాను. అడిగినవాళ్లకు అమ్మేశానని చెప్పాను. దాచడం వల్ల ఎంత నష్టమో అప్పటికే చూశాను.

ఇక నెలవారీ లెక్క. నోట్ల వడ్డీలు 9,800, డ్వాక్రా వాయిదా 2,400, చీటీ 5,000. అవి పోగా 12,800. ఒకటో తారీఖున అయిదు కవర్లలో డబ్బు పెట్టేవాళ్లం. బియ్యం, సరుకులు 3,500. పాలు, కూరలు 2,600. కరెంటు, గ్యాసు, ఫోను 1,400. అత్తగారి మందులు 1,200. చదివింపులు, ప్రయాణాలు 800. ఈ చివరి కవరు గురించి మేమిద్దరం వాదించుకున్నాం. పెళ్లిళ్లకు వెళ్లడం మానేద్దామన్నారు ఆయన. చదివింపులు మనకు వచ్చినవే తిరిగి ఇవ్వాల్సినవి, అది కూడా బాకీయే అన్నాను. అందుకే దానికీ ఒక కవరు పెట్టాం. వైశాఖంలో చేబదులు తేవాల్సిన అవసరం పోయింది.

పాపను ప్రైవేటు బడి నుంచి మున్సిపల్ హైస్కూలుకు మార్చడం నాకు బంగారం అమ్మడం కంటే కష్టమైంది. ఎనిమిదో తరగతి. ఎందుకో తనకు దాపరికం లేకుండా చెప్పాం, పద్దు పుస్తకం చూపించాం. వారం రోజులు నాతో సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత నెలాఖరు కూడికలు తనే వేయడం మొదలుపెట్టింది.

నెలకు మిగిలింది 3,300. అదంతా మూడు రూపాయల నోటుకే. అయితే అప్పిచ్చినాయన పదివేలకు తక్కువైతే అసలు కింద తీసుకోనన్నారు. అందుకని మిగిలింది పోస్టాఫీసు ఖాతాలో వేసి, పదివేలు కాగానే తీసుకెళ్లి ఇచ్చేవాళ్లం. ఇచ్చిన ప్రతిసారీ నోటు వెనక తారీఖుతో చెల్లు రాయించేవాళ్లం. అసలు తగ్గిన మేరకు వడ్డీ తగ్గేది, ఆ తగ్గినది మళ్లీ అసలుకే. పద్నాలుగు నెలలకు చీటీ అయిపోయింది, ఆ 5,000 కూడా అందులోకే. 2019 ఉగాది నాటికి ఆ నోటు తీరింది. దసరాకు పిన్నిగారి బాకీ తీరింది.

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. ఎరువుల కొట్లకు మినహాయింపు ఉండటంతో ఆయన జీతం ఆగలేదు. నా కుట్టుపని పూర్తిగా ఆగిపోయింది. పెళ్లిళ్లే లేనప్పుడు జాకెట్లు ఎవరు కుట్టించుకుంటారు? కొన్నాళ్లు మాస్కులు కుట్టాను. ఆ ఆరు నెలలూ స్నేహితుడి నోటుకు వడ్డీ మాత్రం కట్టి, మిగిలినది చేతిలో ఉంచుకున్నాం. అప్పు తీర్చాలన్న ఆత్రంలో ఇల్లు ఖాళీ చేసుకుని మళ్లీ చేయి చాపకూడదని నేను పట్టుబట్టాను. అది సరైన పనేనని ఇప్పటికీ అనుకుంటాను.

2021 మార్చిలో ఆఖరి విడత ఇచ్చాం. ఆయన స్నేహితుడు బీరువా తీసి నోటు తెచ్చి మావారి చేతిలో పెట్టారు. వెనకంతా చెల్లులే. మావారు ఒక్కొక్క తారీఖు చదువుకుని, రెవెన్యూ స్టాంపు మీద ఉన్న తన సంతకం అడ్డంగా చించారు.

ఏప్రిల్ ఒకటిన ఎప్పటిలాగే పుస్తకం తెరిచి గీతలు గీశారు. అలవాటుగా "వడ్డీ" అని కూడా రాశారు. రాశాక ఆగి, ఈ వరస కొట్టేయనా అని అడిగారు.

వద్దు, సున్నా వేయండి అన్నాను.