చవక ఫోన్‌కీ గట్టి తాళమే

"అన్నా, ఇంత చవక ఫోన్లో నా ఫొటోలకి రక్షణ ఉంటుందంటావా?" విజయనగరం గంటస్తంభం దగ్గర రిపేరు షాపులో తమ్ముడి టెన్షన్. అద్దం పగిలి, అంచుల్లో పాత జిగురు కనిపిస్తోంది.

ఫోన్లోని సమాచారాన్ని గుప్తంగా మార్చే తాళాల్లో ఏఈఎస్ బాగా వాడుకలో ఉన్నది. దాన్ని వేగంగా నడిపే హంగు అప్పట్లో చాలా చవక చిప్పుల్లో ఉండేది కాదు. అందుకే గూగుల్ వాళ్లు మొదట స్పెక్ వైపు చూశారు. 2013లో అమెరికా గూఢచారి సంస్థ ఎన్ఎస్ఏ, సైమన్ అనే మరో కుటుంబంతో పాటు బయటపెట్టిన బ్లాక్ సైఫర్ల (సమాచారాన్ని ముక్కలుగా గుప్తం చేసే పద్ధతుల) కుటుంబం అది. కూడిక, బిట్లు తిప్పడం, ఎక్సార్ (రెండు బిట్లు వేరైతే 1, ఒకటే అయితే 0). అంతే! ఎంత ముచ్చటైన డిజైనో.

కానీ గూఢచారి సంస్థ చేసిన తాళాన్ని నమ్మేదెవరు? 2018లో ఆండ్రాయిడ్‌కి గుండెకాయ లాంటి లైనక్స్ కెర్నల్లో స్పెక్‌ని చేర్చి, అదే ఏడాది తీసేశారు. అన్ని రౌండ్లూ (గుప్తం చేసే విడతలు) ఉన్న స్పెక్‌ని ఎవరూ ఛేదించలేదు, అయినా తీసేయడమే సరైనదంటాను.

2019లో గూగుల్ చవక ఫోన్ల కోసం అడియాంటమ్ అనే తాళం తెచ్చింది. 4096 బైట్లకి ఏఈఎస్‌ని ఒక్కసారే వాడుతుంది, మిగతా బరువులో ఎక్కువ భాగం చాచా12 అనే వేగమైన సైఫర్‌దే.